ఎడమ వైపు చప్పుడు

జాన్‌బీ మా ఆసుపత్రిలో చేరేనాటికి నేను అక్కడ పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఆమె మీద కుళ్లుకోవడానికి నాకు నాలుగు రోజులు చాలాయి.

వినికిడి పరీక్షల వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు నన్ను అనుభవాలు రాయమన్నారు. మిషన్లు ఎలా వాడాలో మీకు కాలేజీలో చెబుతారు. పక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషికి మనకంటే ఎక్కువ తెలుసని అర్థమైనప్పుడు మన చేతులు ఏం చేస్తాయో మాత్రం ఎవరూ చెప్పరు. నా చేతులు ఒక ఫైల్లోంచి ఒక చీటీ తీసేశాయి. ఆ చీటీ లేనందువల్ల మార్టూరులో ఒక మనిషి కాలు పోయింది. నాకు వచ్చిన మెమెంటోల గురించి రాసేకంటే దీని గురించి రాయడం మీకు ఉపయోగం.

ఆ గదికి నేనే రాజుని

మాది పర్చూరు పక్కన పొగాకు వేసే కుటుంబం. మా ఇంట్లో చేలు వదిలి చదువుకోడానికి పక్క రాష్ట్రం దాకా వెళ్లింది నేనొక్కణ్ణే. వినికిడి శాస్త్రంలో డిగ్రీ చేసి, గుంటూరులో ఒక ప్రైవేటు చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిలో చేరాను. దాన్ని నడిపే పెద్దాయన్ని అందరం డాక్టరు గారనే అనేవాళ్లం.

నా రాజ్యం ఒక చిన్న గది. గోడలకి స్పాంజి, ఒక కుర్చీ, ఒక గాజు కిటికీ. మనిషిని లోపల కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, బయటినుంచి నేను సన్నని కూతలు వినిపిస్తాను. వినబడితే బొత్తాం నొక్కాలి. ముందు కుడి చెవి, తర్వాత ఎడమ చెవి. చివరికి కాగితం మీద రెండు గీతలు వస్తాయి. మిర్చి సీజన్లో యార్డు నుంచి హమాలీలు వస్తే, వాళ్ల చొక్కాల ఘాటుకి ఆ మూసిన గదిలో వాళ్లకీ నాకూ తుమ్ములు ఆగేవి కావు. తుమ్ములు తగ్గేదాకా ఆగి మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. రోజంతా మోతలో ఉండే జిన్నింగు మిల్లుల వాళ్లు మూరెడు దూరంలో కూర్చుని కూడా పత్తి చేనుకి అవతలి గట్టున ఉన్నవాణ్ణి పిలిచినట్టు మాట్లాడేవాళ్లు. వాళ్ల నోటి వెంట మొదటి మాట రాగానే గీతలు ఎలా వస్తాయో నాకు తెలిసిపోయేది.

నా గీతల మీద నాకు చాలా నమ్మకం. డాక్టరు గారు వాటిని చూసే ఆపరేషనా కాదా అని తేల్చేవారు. పన్నెండేళ్లపాటు ఆ గదిలో నాకు అడ్డు చెప్పి ప్రశ్న వేసినవాళ్లు లేరు.

చీరాల పెద్దాయన

జాన్‌బీది అద్దంకి. వాళ్ల నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆమె డిగ్రీ తర్వాత ఏడాది పాటు వినికిడి టెక్నీషియను కోర్సు చేసి, ఇరవై నాలుగేళ్ల వయసులో నాకు సహాయకురాలిగా వచ్చింది. మెత్తగా మాట్లాడేది. మొదటి మూడు రోజులూ నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. మంచి పిల్ల దొరికిందనుకున్నాను.

నాలుగో రోజు చీరాల నుంచి ఒక నేతపని పెద్దాయన వచ్చాడు. రెండు వారాల కిందట ఆయన కుడి చెవికి నేనే వినికిడి మిషను పెట్టి పంపాను.

"బాబూ, ఇది పెట్టుకుంటే అందరూ నా కుడి భుజం మీద కూచుని మాట్లాడతన్నట్టుంది" అన్నాడు.

"అలవాటవుతుంది లెండి పెద్దాయనా. ఒక నెల వాడండి."

"మా ఆవిడ నా ఎదురుగానే నిలబడి అన్నం పెడతంటది. మాట మాత్రం కుడి పక్క గోడలోంచి వస్తంది. మగ్గం మీద కూచుంటే మరీనూ. పోగు మోసే నాడె ఎడమ పక్కకి పోయి కొట్టుకున్నా కుడి పక్కే టక్కుమంటంది. చెయ్యి తడబడి పోగులు తెంపుకుంటన్నా."

నేను ఆయన గీతలు మళ్లీ తీసి చూశాను. అంతా సరిగ్గానే ఉంది. అదే మాట చెప్పబోతుంటే వెనకనుంచి జాన్‌బీ, "సార్, నేనొకసారి చూడొచ్చా?" అంది. సరేనన్నాను.

"తాతయ్యా, కళ్లు మూసుకోండి" అని ఆయన ముక్కుకి సూటిగా నిలబడి, స్టీలు స్కేలు మీద పెన్సిలుతో టక్కుమని కొట్టింది. "ఎటు పక్క?"

"కుడి పక్క."

మిషను శబ్దం కొంచెం తగ్గించి మళ్లీ కొట్టింది. "ఇప్పుడు?"

"కుడే. కాకపోతే ఇందాకటంత కాదు."

ఇంకా తగ్గించింది. మళ్లీ కొట్టింది. పెద్దాయన కళ్లు తెరవకుండానే నవ్వాడు. "ఇప్పుడు నా ముక్కు మీద కొట్టావమ్మా."

ఆమె చప్పుడు చెయ్యకుండా ఎడమ పక్కకి జరిగి కొట్టింది. ఆయన వేలు నేరుగా అటే చూపించింది. కళ్లు తెరిచి, ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

నేను చేసిన పొరపాటు చిన్నదే. ఆయన ఎడమ చెవిలో ఇంకా కొంత వినికిడి ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా, కుడి చెవిలోకి అది తట్టుకోగలిగినంత శబ్దం పంపాను. ఒక చెవిలో మోత ఎక్కువైతే, ఎదురుగా ఉన్న మనిషి కూడా ఆ పక్కకి జరిగిపోయినట్టే ఉంటుంది. నా కాగితం మీద రెండు చెవులకీ రెండు వేరు గీతలు. ఆ మనిషి మాత్రం మగ్గం మీద రెండు చెవులనీ ఒకేసారి వాడుకుంటున్నాడు.

"ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగాను. మామూలుగానే అడిగాననుకుంటున్నాను.

"నేర్చుకోడం కాదు సార్. నాన్న దూది ఏకుతుంటే గదంతా తెల్లగా లేచేది. నాన్న కనపడేవాడు కాదు. ఏకే విల్లు ఎంత దగ్గరకొచ్చిందో, ఎటు పక్కనుందో మోతని బట్టే చూసుకుని తప్పుకోవాలి. లేకపోతే తగులుద్ది."

ఇదంతా డాక్టరు గారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారని నాకు తెలియదు. "ఏమయ్యా ప్రసాదూ, ఇన్నేళ్లలో నీకిది తట్టలేదేం?" అన్నారు, నవ్వుతూ. నేనూ నవ్వాను. ఆ మధ్యాహ్నం క్యారియర్ విప్పకుండానే ఇంటికి తీసుకుపోయాను.

చెవి దగ్గర దోమ

మీకు పనికొచ్చే సంగతి కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

చప్పుడు ఎటునుంచి వచ్చిందో మనకి రెండు రకాలుగా తెలుస్తుంది. కుడి పక్కనుంచి వచ్చేది కుడి చెవిని ముందు చేరుతుంది, ఎడమ చెవిని ఒక్క వెంట్రుకవాసి ఆలస్యంగా చేరుతుంది. మనకి తెలియకుండానే మెదడు ఆ తేడా పట్టుకుంటుంది. రెండోది, తల అడ్డం రావడం వల్ల అవతలి చెవిలో చప్పుడు కొంచెం తగ్గుతుంది. సన్నని కూతలకి ఈ తగ్గుదల ఎక్కువ. బొంగురు మోతలు తల చుట్టూ తిరిగి అవతలికి వెళ్లిపోతాయి కాబట్టి, దూరంనుంచి వచ్చేటప్పుడు వాటికి రెండు చెవుల్లోనూ పెద్ద తేడా ఉండదు.

చేతికందేంత దగ్గర ఈ కథ మారిపోతుంది. రోడ్డుకి అవతల నిలబడ్డ మనిషికి మన రెండు చెవులూ దాదాపు ఒకే దూరం. కుడి చెవి దగ్గర మూగే దోమకి అలా కాదు. కుడి చెవి దానికి రెండు వేళ్ల దూరం, ఎడమ చెవి మొత్తం తలకి అవతల. అందుకని బాగా దగ్గరికి వచ్చిన చప్పుడు బొంగురుదైనా సరే, దగ్గరి చెవిలో పెద్దగా, రెండో చెవిలో బాగా చిన్నగా ఉంటుంది. ఆ తేడాని బట్టే అది పక్కన ఎంత దగ్గరలో ఉందో కూడా మనకి తెలుస్తుంది. చీకట్లో చెంప మీద సరిగ్గా దోమ ఉన్నచోటే కొట్టుకుంటాం. ముక్కుకి సూటిగా ఉన్న చప్పుడు రెండు చెవులకీ సమానం కాబట్టి దాని దూరం చెప్పడం అంత తేలిక కాదు.

ఇవన్నీ నేను పుస్తకంలో చదివినవే. పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నవే. జాన్‌బీ చేసిందేమిటంటే, వాటిని ఆసుపత్రి వెనక పెరట్లో పెట్టింది. గచ్చు మీద సుద్దముక్కతో రెండు వలయాలు గీసింది, ఒకటి చేతికందే దూరంలో, ఇంకొకటి నాలుగు బారల దూరంలో. గడియారంలో లాగా పన్నెండు అంకెలు వేసింది. మధ్యలో స్టూలు. కళ్లు మూసుకుని కూర్చున్న మనిషి చుట్టూ చెప్పుల్లేకుండా నడుస్తూ తాళాల గుత్తి ఆడిస్తుంది. ఎటు వినబడితే అటు వేలు చూపించాలి. అయిదు నిమిషాల పని. కరెంటు కూడా అక్కర్లేదు.

నెల తిరక్కుండా రోగులు వచ్చి, "తాళాల అమ్మ ఉందా?" అని అడగడం మొదలుపెట్టారు. నా డిగ్రీ గోడమీద ఫ్రేములో ఉంది. దాన్ని ఏనాడూ ఎవరూ అడగలేదు. ఒకరోజు ఆమెని పిలిచి, "చూడు జాన్‌బీ, ఫలితం పేషెంటుకి చెప్పాల్సింది నేను. నువ్వు రాసింది ఫైల్లో పెట్టు, అంతే. నోటితో ఏమీ చెప్పొద్దు" అన్నాను.

"అలాగే సార్" అంది.

పద్ధతి కోసమే అన్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం.

ఏడుకొండలు

ఏడుకొండలు మార్టూరులో గ్రానైటు పాలిష్ పట్టే యూనిట్లో పనిచేసేవాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చి ఎడమ చెవి పూర్తిగా పోయింది. అప్పటిదాకా రాళ్లు కడిగే చోట ఉన్నాడు. క్రేను కింద పలకలు మార్చే పని ఖాళీ అయితే దానికోసం ఆరు నెలలు తిరిగి ఒప్పించుకున్నాడు. అందుకు వినికిడి సర్టిఫికెట్టు కావాలన్నారని భార్య నాగమణిని వెంటబెట్టుకుని మా దగ్గరకి వచ్చాడు.

గదిలో పరీక్ష చేశాను. ఎడమ చెవి సున్నా. కుడి చెవి ఏ లోపమూ లేకుండా ఉంది. మాటలు స్పష్టంగా వింటున్నాడు, చక్కగా జవాబు చెబుతున్నాడు. ఫారంలో ఉన్నది ఒకటే గడి: వినికిడి పనికి సరిపోతుందా, సరిపోదా. ఒక్క చెవి బాగుంటే సరిపోతుందనే రాసేవాణ్ణి. అందరమూ అలాగే రాసేవాళ్లం.

ఈలోపు జాన్‌బీ అతన్ని పెరట్లో కూర్చోబెట్టింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఆమె ఎడమ పక్క, అతని భుజానికి ఆనుకున్నంత దగ్గర నిలబడి తాళాలు ఆడించింది. అతను కుడి పక్కకి వేలు చూపించాడు. వెనక ఎడమ పక్క నుంచి ఆడించింది. మళ్లీ కుడి. ఎటునుంచి ఆడించినా కుడే. నాగమణి అది చూసి, "ఏందయ్యా, అమ్మ ఇటు పక్కనుంటే అటు చూపిత్తావేంది?" అని పకపకా నవ్వింది. అతనూ నవ్వాడు.

జాన్‌బీ చీటీ రాసి ఫైల్లో పెట్టింది. అందులో ఇలా ఉంది: "ఎడమ చెవి లేదు. చేతికందే దూరంలో ఉన్న చప్పుడు కూడా కుడి పక్కనుంచే అంటున్నారు. ఎడమ నుంచి బండ్లు వచ్చేచోట పని ప్రమాదం. తల తిప్పి పోల్చుకోవడం నేర్పి, మళ్లీ చూశాక పంపితే మంచిది."

చదివాను. సరైనదేనని చదువుతుండగానే తెలిసింది. ఫైలు డాక్టరు గారి దగ్గరకి సంతకానికి వెళ్లాలి. ఆయన నా గీతలు పక్కనపెట్టి ఈ చీటీ చదువుతారు. "చూశావా ప్రసాదూ" అంటారు. ఆ గొంతు నాకు ముందే వినబడింది. చీటీ తీసి మడతపెట్టి నా సొరుగులో అడుగున వేశాను. 'సరిపోతుంది' అన్న గడిలో టిక్కు పెట్టాను.

ఏడుకొండలు వెళుతూ దణ్ణం పెట్టాడు. జాన్‌బీ గుమ్మం దగ్గర నిలబడి, "సార్ చెప్పింది జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి అన్నా" అంది. నేను అతనికి ఏమీ చెప్పలేదని ఆమెకి తెలియదు.

మూడు రోజులు

మూడు నెలల తర్వాత నాగమణి ఒక్కతే వచ్చింది. షెడ్డులో పలకలు మోసే లోడరు బండి వెనక్కి వస్తూ ఏడుకొండలు ఎడమ పాదం మీదుగా వెళ్లింది. మడమ పైదాకా తీసేశారు. యూనిట్ వాళ్లు పాత వినికిడి ఫైలు తెమ్మన్నారని వచ్చింది.

డాక్టరు గారు ఆమెని కూర్చోబెట్టి, ఎలా జరిగిందని అడిగారు.

"వెనక్కొచ్చే బండి కీ కీమని మోగుద్ది కదండీ. ఈయనకి వినబడింది. వినబడకపోతే గదా తప్పు. కుడి పక్కనుంచి వస్తందనుకుని, తప్పుకుందామని ఎడమ పక్కకి జరిగాడంట. బండి అటునుంచే వస్తంది."

జాన్‌బీ, "సార్, అదే నేను చీటీలో రాశాను" అంది. ఫైలు విప్పారు. చీటీ లేదు.

"రాశానంటే ఎలాగమ్మా? ఏదీ?" అన్నారు డాక్టరు గారు.

ఆమె నా వైపు చూసింది. నేను చూశానేమోనని అడగడానికి చూసింది, అంతే. నేను ఫైలు వైపు చూశాను.

ఆ రోజు నుంచీ డ్యూటీ అయ్యాక జాన్‌బీ పాత ఫైళ్లు దించి ఒక్కొక్కటే వెతకడం మొదలుపెట్టింది. వేరే ఫైల్లో పడిందేమోనని ఆమె ఆశ. నేను నా కుర్చీలో కూర్చునే ఉన్నాను. నా మోకాలికి తగిలే సొరుగులో ఆ చీటీ ఉంది. రెండో రోజు ఆమె దుమ్ముకి దగ్గుతుంటే టీ తెప్పించి ఇచ్చాను. "మీరెందుకు సార్ శ్రమ" అంది.

మూడో రోజు సాయంత్రం నేలమీద కూర్చుని, ఒళ్లో ఫైలు పెట్టుకుని, నాతో ఇలా అంది: "సార్, నేను పెట్టాననుకుని పెట్టలేదేమో. అసలు అతను కుడి అన్నాడో ఎడమ అన్నాడో కూడా ఇప్పుడు గట్టిగా చెప్పలేకపోతున్నా. నాకు గుర్తున్నదే తప్పేమో."

ఆ మాట వినగానే నాకేం కలిగిందో నిజం రాస్తాను. ముందు హాయి కలిగింది. చీరాల పెద్దాయన వచ్చిన రోజు నుంచీ నాకు కావాల్సింది అదే. జాన్‌బీ తన చెవుల మీద, తన కళ్ల మీద ఉన్న నమ్మకం పోగొట్టుకోవడం. అది నా కళ్లముందే జరిగింది. ఆ హాయి ఒక్క గుక్క నీళ్లు తాగినంతసేపు ఉంది. తర్వాత నామీద నాకు పుట్టిన రోత ఇప్పటికీ అలాగే ఉంది.

అయినా అప్పటికప్పుడు చెప్పలేదు. ఇంటికి వెళ్లాను. మర్నాడు పొద్దున డాక్టరు గారి గదిలోకి వెళ్లి, జాన్‌బీని పిలిపించమని, చీటీ బల్లమీద పెట్టాను.

ఆయన చదివి, నన్ను చూసి, మళ్లీ చదివారు. "ఎందుకు తీశావయ్యా?"

"కుళ్లు సార్" అన్నాను.

ఆయన చీటీ ఫైల్లో పెట్టి, "ఫ్యాక్టరీకి ఉన్నదున్నట్టు నేను రాస్తాను, నీ పేరుతో సహా. నువ్వు మార్టూరు వెళ్లి ఆ మనిషికి నీ నోటితో చెప్పు" అన్నారు.

బయటికి వచ్చాక వరండాలో నన్ను క్షమించమని జాన్‌బీని అడిగాను. "చీటీ తీశారని కాదు సార్. నేను వెతుకుతుంటే టీ తెప్పించారు చూడండి, అది తట్టుకోవడం నావల్ల కావట్లేదు" అని వెళ్లిపోయింది.

మార్టూరులో

ఏడుకొండలు ఇల్లు పాలిష్ యూనిట్లకి వెనక వీధిలో ఉంది. గుమ్మం మీద, మొక్కల ఆకుల మీద, ఆరేసిన బట్టల మీద తెల్లటి రాతిపొడి. రాయి కోసే మోత ఆగదు. అతను మంచం మీద కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. నేను ఎడమ పక్కనుంచి వెళ్లి పలకరించాను. అతను కుడి పక్కకి తిరిగి వెతికాడు. అప్పుడు జ్ఞాపకం వచ్చి మంచం చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్లాను.

నాగమణి మంచినీళ్లు ఇచ్చింది. గ్లాసు చేతిలో పట్టుకునే మొత్తం చెప్పాను. చీటీలో ఏముందో, ఎవరు రాశారో, నేనేం చేశానో.

ముందు నాగమణే మాట్లాడింది. "ఆ చీటీ ఉన్నా ఈయన ఆగేవాడు కాదులెండి సార్. ఆ పని కోసం ఎంత తిరిగాడో నాకు తెలుసు."

మునిగిపోయేవాడికి కట్టె దొరికినట్టయింది నాకు. "అది కాదమ్మా..." అని ఏదో అనబోయాను.

"నువ్వాగు నాగమణీ" అన్నాడు ఏడుకొండలు. నా వైపు తిరిగాడు. "ఆగేవాణ్ణో, వెళ్లేవాణ్ణో నాకూ తెలీదు సార్. అది నేను తేల్చుకోవాల్సింది. మీరు తేల్చేశారు."

నేను గ్లాసు కింద పెట్టాను.

"ఒకటి అడుగుతా. ఆ అమ్మ మీద మంటతో చేశారా, నేనంటే లెక్కలేక చేశారా?"

"నీ సంగతి నాకు అప్పుడు తట్టనే లేదు ఏడుకొండలూ."

"అదే అడిగా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. గ్లాసులో నీళ్లు తాగకుండానే లేచి వచ్చాను.

స్టూలు మీద నేను

ఏడాదిపాటు డాక్టరు గారు నన్ను సర్టిఫికెట్ల జోలికి రానివ్వలేదు. జాన్‌బీ పరీక్ష చేస్తే ఆయన సంతకం చేసేవారు. సరిగ్గానే చేశారు. ఆమె ఆదివారాలు మార్టూరు వెళ్లి ఏడుకొండలుకి తల తిప్పి వినడం నేర్పింది. ఒక్క చెవే ఉన్నా, చప్పుడు వినగానే కదలకుండా నిలబడి తల అటూ ఇటూ నెమ్మదిగా తిప్పితే, ఎటు తిప్పినప్పుడు పెద్దదవుతోందో, ఎటు తిప్పినప్పుడు తగ్గుతోందో తెలుస్తుంది. రెండు చెవులంత బాగా కాదుగాని, కాలు ఎటు వెయ్యకూడదో తేల్చుకునేంత తెలుస్తుంది. నేను టిక్కు పెట్టే ముందు అతనికి నేర్పించాల్సింది ఈ కొద్దిపాటి పనే.

ఆరు నెలలు జాన్‌బీ నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు నేనే అడిగాను, నన్ను కూడా స్టూలు మీద కూర్చోబెట్టమని. కళ్లు మూసుకున్నాను. తాళాలు నా ముందు మోగాయి. పన్నెండు దగ్గర అని వేలు చూపించాను.

"ఆరు దగ్గరున్నాను సార్. మీ వెనక" అంది.

ముందూ వెనకా ఉన్న చప్పుడు రెండు చెవులకీ ఒకేలా చేరుతుంది. తల కదపకపోతే ఎవరైనా పొరపాటు పడతారు. అది నాకు పుస్తకంలో తెలుసు. నా చెవులకి ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత ఆమె దగ్గర అన్నీ మొదటినుంచి నేర్చుకున్నాను. ఇద్దరం కలిసి మార్టూరు యూనిట్లు చాలావాటికి వెళ్లి పనివాళ్ల చెవులు చూశాం. ఏం తేలినా అది రాసిన చీటీ ఫైల్లో ఒకటి, ఆ మనిషి చేతిలో ఒకటి. చదవడం రాకపోతే చదివి వినిపించాకే పంపాలి. ఈ నియమం నేను అడిగి పెట్టించింది. నా మొత్తం ఉద్యోగంలో నేను పెట్టించిన మంచి నియమం అదొక్కటే.

మీరు అడగొచ్చు, కుళ్లు పోయిందా అని. పోలేదు. వేరే ఊళ్ల నుంచి ఆమెని మాట్లాడటానికి పిలిచేవారు. పేపర్లో ఆమె గురించి వేస్తే, ఎక్కడైనా నా పేరు ఉందేమోనని రెండుసార్లు చదివాను. నేను రిటైరైన రోజు సభలో డాక్టరు గారు నా గురించి మొదలుపెట్టి జాన్‌బీ గురించి ముగించారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అసూయ లేదని చెప్పేవాణ్ణి నేను నమ్మను. అది వచ్చినప్పుడు, మీ చెయ్యి ఏ కాగితం మీద ఉందో చూసుకోండి. ఆ కాగితం ఎవరిదో చూసుకోండి. నేను చెప్పగలిగింది అంతే.

పోయిన నెల బంధువుల ఇంట్లో శుభకార్యానికి మార్టూరు వెళ్లి, ఏడుకొండలు కొట్టు దగ్గర ఆగాను. పెట్టుడు కాలుతో కిరాణా కొట్టు నడుపుతున్నాడు. ఏటా ఒకటి రెండుసార్లు వెళుతూనే ఉంటాను. కూర్చోమంటాడు, సోడా ఇస్తాడు. అంతకుమించి చనువు ఇవ్వలేదు, నేనూ ఆశించలేదు. ఈసారి కూతురు పుట్టింటికి వచ్చి ఉంది. ఎనిమిది నెలల పసిపాప ఆమె ఒళ్లో ఉంది.

"సార్, ఇది ఎటునుంచి పిలిచినా ఎడమ పక్కకే చూస్తంది. అలవాటా, ఇంకేమైనానా?" అన్నాడు ఏడుకొండలు.

స్టీలు గ్లాసు, చెంచా తెమ్మన్నాను. పాప కళ్లకి కనపడకుండా కుడి పక్కకి వెళ్లి మెల్లగా మోగించాను. ఎడమకి చూసింది. ఎడమనుంచి మోగించాను. ఎడమకి చూసింది. బొమ్మతో దృష్టి మళ్లించి, కాసేపాగి, మళ్లీ అంతా చేశాను. మారలేదు. ఏడుకొండలు నా మొహం చూస్తున్నాడు.

"నాలాగేనా సార్?"

"ఆసుపత్రిలో పరీక్ష చేయించకుండా చెప్పకూడదు. కుడి చెవి మీద నాకు అనుమానంగా ఉంది. లోపం ఉన్నా భయం లేదు, ఇంత చిన్నప్పుడే తెలిసింది కాబట్టి చెయ్యాల్సింది చాలా ఉంటుంది. రేపు నేనే మీతో..."

"జాన్‌బీ అమ్మ దగ్గరికి తీసుకెళ్తా సార్" అన్నాడు. "ఏమనుకోకండి."

"ఏమనుకుంటాను" అన్నాను.

అనుకున్నాను. బస్టాండు దాకా నడుస్తున్నంతసేపూ అనుకున్నాను. అయినా బస్సెక్కి కూర్చోగానే జాన్‌బీకి ఫోన్ చేశాను. ఏడుకొండలు మనవరాలు వస్తోందని, గ్లాసుతో నేను చూసిందేమిటో, ఎన్నిసార్లు చూశానో అంతా చెప్పాను. ఆమె మధ్యలో అడ్డురాకుండా విన్నది.

"మీరే చూశారా సార్?"

"నేనే చూశాను."

"అయితే ఎడమ చెవి గురించి దిగుల్లేదు. కుడి చెవితోనే మొదలుపెడతాను. పొద్దున్నే తీసుకురమ్మనండి" అంది.

ఇన్నేళ్లలో నేను చూసిందాన్ని మళ్లీ చూడకుండా ఆమె తీసుకోవడం అదే మొదటిసారి. ఫోన్ జేబులో పెట్టుకుని, కిటికీలోంచి మిరప కల్లాలు చూస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. ఏడుకొండలుకి ఫోన్ చేసి పొద్దున్నే వెళ్లమని చెప్పాను. చిలకలూరిపేట దాటేసరికి, ఆ పాపకి తల తిప్పి వినడం నేర్పేది కూడా ఆమే కదా అని మళ్లీ కుళ్లు మొదలైంది.